కళ్లు మూసుకుని నేర్చుకున్న చదువు

సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరిన కొత్తలో నాకు తలుపులంటే భయం. ఎండలోంచి క్లాసు గదిలోకి అడుగు పెట్టగానే అంతా నల్లగా అయిపోయేది. కళ్లు అలవాటుపడే దాకా గోడ పట్టుకుని నిలబడేదాన్ని. వెనక వచ్చే పిల్లలు "నడువు, ఏంది ఆగినవ్?" అని తోసేవాళ్లు. చెప్పు సర్దుకుంటున్నట్టు వంగేదాన్ని.

నాకు చిన్నప్పటి నుంచే రేచీకటి. మా ఇంట్లో దాన్ని జబ్బని ఎవరూ అనలేదు. మేక కార్జం తింటే పోతుందని అవ్వ వండి పెట్టేది. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. కానీ ఇంటర్ అయ్యేసరికి పగలు కూడా ఏదో తేడా వచ్చింది. ఎదురుగా ఉన్న కంచం కనిపిస్తుంది, దాని పక్కన పెట్టిన నీళ్ల గ్లాసు కనిపించదు. చెయ్యి తగిలి ఒలికితే "సోయి లేదు నీకు" అని అవ్వ కసిరేది. అది ఉట్టి ధ్యాస లేకపోవడమే అయితే బాగుండునని నేను మొక్కుకునేదాన్ని.

ఎందుకంటే మా ఇంట్లో మామ ఉన్నాడు. మా అవ్వకు అన్న. వయసులో ఉండగా బొంబాయి దగ్గర భీవండిలో మరమగ్గాల మీద పనిచేశాడు. చూపు పోయాక ఊరికి తిరిగొచ్చాడు. నాకు ఊహ తెలిసేసరికే ముందర గదిలో మంచం మీద ఉన్నాడు. అన్నం పెట్టినప్పుడల్లా అవ్వ "కూర కుడిదిక్కున్నది, చారు ఎడమదిక్కున్నది" అని చెప్పేది. ఆ మాట వినగానే నా కంచం తీసుకుని వంటింట్లోకి పోయేదాన్ని. మామ కళ్లు ఎట్లా పోయాయని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం.

చలికాలం పొద్దు తొందరగా కుంగుతుంది. కాలేజీ అయ్యాక నారాయణరావుపేట బస్సెక్కి, దిగిన దగ్గర నుంచి మా వాడ దాకా పొలాల పక్కన నడవాలి. మా వాడ అమ్మాయి ఒకతి నాతో పాటు వచ్చేది. మాట్లాడుతున్నట్టుగా ఆమె సంచి పట్టుకుని నడిచేదాన్ని. ఒకనాడు ఆమె రాలేదు. బస్సు కూడా ఆలస్యమైంది. దిగేసరికి ఆకాశం మాత్రమే తెల్లగా ఉంది, కింద ఏమీ లేదు. చెప్పు కింద తారు గట్టిగా తగులుతోందా, మట్టి మెత్తగా తగులుతోందా అని చూసుకుంటూ నడిచాను. ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. దాని లైటు కళ్లలో పడగానే ఆ కాస్త దారి కూడా మాయమైంది. పక్కకు జరిగాను, కాలువలో పడ్డాను. నీళ్లు మోకాళ్ల దాకే ఉన్నాయి. కానీ గట్టు ఎటువైపుందో తెలియక, చేతులు చాచి తిరిగిన చోటే తిరిగాను. అరవలేదు. అరిస్తే ఎవరైనా వస్తారు, వస్తే ఊరంతా తెలుస్తుంది. తడిబట్టలతో ఇంటికి చేరాక కాలు జారిందని చెప్పాను. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది, ఏమీ అడగలేదు. తనకూ నాలాంటి భయమే ఉందని అప్పుడే అర్థమైంది.

కాలేజీలో నేను ధైర్యంగా ఉండే చోటు ఒక్కటే, బాటనీ ల్యాబు. మైక్రోస్కోపులో కన్ను పెడితే చుట్టూ చీకటి, మధ్యలో గుండ్రటి వెలుగు. అక్కడ అందరికీ అంతే కనిపిస్తుంది. నేను వేసిన బొమ్మలను మేడం మెచ్చుకునేది. ఒకరోజు బొమ్మ పూర్తిచేసి ఇటు తిరగబోతే మోచెయ్యి తగిలి ఎర్రరంగు సీసా పడింది. మేడం చీర మీద. ఆమె నా పక్కనే నిలబడి ఉందట.

"ఇంత దగ్గర నిలవడ్డ కదమ్మా, కనవడలేనా?"

"చూసుకోలే మేడం."

ఆమె చీర వంక చూడలేదు. నా వంకే చూసింది. తిడితే అంత భయపడకపోదును.

కొన్నాళ్లకు కాలేజీలో కళ్ల పరీక్షలు పెట్టారు. ఆ సంగతి వినగానే గేటు వైపు నడిచాను. మేడం వెనకే వచ్చి చెయ్యి పట్టుకుంది. "నీకు నేనే దగ్గరుండి చూపిస్త, రా."

సెమినార్ హాల్లో పిల్లలంతా వరుసలో ఉన్నారు. నా వంతు వచ్చింది. గోడ మీది అక్షరాలన్నీ కింది వరుస దాకా గడగడా చదివేశాను. "చూపు మంచిగున్నది" అన్నాడు డాక్టరు. ప్రాణం లేచొచ్చి కుర్చీలోంచి లేచాను.

"ఒక్క నిమిషం సార్" అంది మేడం. "పక్కలకు ఎంత కనవడ్తదో చూడుండ్రి."

డాక్టరు నన్ను తన ముక్కు వైపే చూడమన్నాడు. పక్కన వేళ్లు ఆడిస్తాను, కనిపించగానే చెప్పమన్నాడు. ఆయన ముక్కునే చూస్తూ కూర్చున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. ఎంతకూ ఆయన మొదలుపెట్టడే.

"మొదలువెట్టిన్రా సార్?" అని అడిగాను.

ఆయన మేడం వంక చూశాడు. నా వెనక గలగలలాడుతున్న వరుస ఒక్కసారిగా చప్పుడు మానేసింది. రెండు పక్కలా ఆయన చేతులు చాలాసేపటి నుంచి ఆడుతూనే ఉన్నాయి.

అవ్వ, నేను, సెలవు పెట్టి మేడం, ముగ్గురం హైదరాబాదులోని పెద్ద కంటి దవాఖానకు వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది. కంటి లోపలి పొర అంచుల నుంచి ఎండిపోతోంది. మందు లేదు. మధ్యలో ఉన్న చూపు ఇంకా కొన్నేళ్లు ఉండొచ్చు, ఎన్నేళ్లన్నది ఎవరూ చెప్పలేరు.

"మా అన్నది గూడ గిదేనా అమ్మా?" అని అడిగింది అవ్వ.

"అయ్యుండొచ్చు. ఇది వంశంలో వస్తుంది."

తిరుగు ప్రయాణంలో అవ్వ సిద్దిపేట దాకా నా చెయ్యి వదలలేదు. దిగే ముందు ఒక్క మాట అంది. "ఊళ్ల ఎవ్వలకు చెప్పకు బిడ్డా."

కాలేజీలో మాత్రం తెలిసిపోయింది. తెలిస్తే సీటు పోతుందని, ల్యాబులోకి రానివ్వరని వణికిపోయాను. అట్లా ఏమీ జరగలేదు. పరీక్ష హాల్లో నాకు కిటికీ పక్కన బల్ల వేశారు, రాయడానికి ఎక్కువ సమయం ఇచ్చారు. వరండాలో ఎప్పటి నుంచో వెలగని ట్యూబ్‌లైటు వెలిగింది. మేడం పాఠాలు చదివి, రికార్డు చేసి ఫోనుకు పంపేది. ఒకరోజు ఆమె నన్ను లైబ్రరీ వెనక ఉన్న చిన్న గదికి తీసుకుపోయింది. ఆ తలుపు ముందు నుంచి రోజూ పోతూ కూడా లోపల ఏముందో నేనెన్నడూ చూడలేదు. చూపు లేని పిల్లల కోసం మాట్లాడే కంప్యూటర్లట. నేర్పే సారుకు కూడా చూపు లేదు.

"కండ్లు మూసుకో" అన్నాడు సారు. "మౌస్ ముట్టకు."

"నాకు కనవడ్తది సార్. ఇప్పుడెందుకు?"

"కనవడ్తున్నప్పుడే నేర్చుకోవాలె. తర్వాతనైతే నేర్చుకునుడు, ఏడ్సుడు, రెండూ ఒక్కసారే చెయ్యాలె."

కళ్లు మూసుకుని ఒక మీట నొక్కాను. కంప్యూటరు తెలుగులో చదవడం మొదలుపెట్టింది. ఊపిరి పీల్చుకోని గొంతు, ఆగదు, నవ్వదు. ఇక నాకు మిగిలేది ఈ గొంతేనా అనిపించింది. చీకట్లో ఎవరో నా మీద మూత పెట్టినట్టయింది. కుర్చీ తోసి లేచి, తలుపుకు గుద్దుకుని బయటపడ్డాను.

మరునాటి నుంచి కాలేజీ మానేశాను. కడుపునొప్పి అన్నాను. నిద్రకు కళ్లు మూయలేక దీపం వంకే చూస్తూ పడుకునేదాన్ని. పొద్దున తెరిచాక ముందు తలుపు అంచులు చూసుకునేదాన్ని, నిన్నటికంటే తక్కువ కనిపిస్తున్నాయా అని.

ఒక మధ్యాహ్నం అవ్వ పత్తి ఏరడానికి పోయింది. మామ మంచం మీద నుంచి పిలిచాడు.

"కాలేజికి పోతలేవేంది?"

"కడుపు నొస్తుంది మామా."

"నీ కండ్ల సంగతి నాకెర్కనే. గడప కాడ ఆగి వస్తున్నవ్. నేను గూడ గట్లనే ఆగేటోన్ని."

అక్కడే కింద కూర్చుని ఏడ్చాను. దవాఖాన, చిన్న గది, ఆ గొంతు, అన్నీ చెప్పాను. మామ అడ్డు రాకుండా విన్నాడు.

"ఎవలు నేర్పుతున్నరు?"

"ఒక సారు. ఆయనకు గూడ కనవడది."

"కనవడనోడు నౌకరి చేస్తుండా?"

"చేస్తుండు మామా."

"చేస్తుండా!" అని తనలో తాను మళ్లీ అనుకున్నాడు. ఎడమచెయ్యి ముందుకు చాచాడు. దానికి చూపుడువేలు సగమే ఉంటుంది. "పోగులు కనవడకపోయినా నేను ఎవ్వలకు చెప్పలే. పని తీసేస్తరని భయం. ఏలు మగ్గంల వడ్డంక అందరికి తెలిసింది. ఇంటికొచ్చి గీ మంచంల వడ్డ. నేర్సుకోవచ్చని నాకు ఒక్కలు చెప్పలే బిడ్డా. చెప్పేటోళ్లు నీకు దొరికిన్రు. పో. భయమైతే భయంతోనే పో."

మరునాడు వెళ్లాను. భయంతోనే. సారు నన్నేమీ అడగలేదు, "కూసో" అన్నాడు. మొదట్లో కళ్లు మూసుకుని నాలుగు మాటలు టైపు చేస్తే చెమటలు పట్టేవి. మధ్యలో దొంగతనంగా కళ్లు తెరిచేదాన్ని. ఆ సంగతి సారుకు ఎట్లా తెలిసేదో, "చూడకు" అనేవాడు. మెల్లగా ఆ గొంతుకు అలవాటుపడ్డాను. ఇప్పుడు దాన్ని ఎంత వేగంగా వింటానంటే, పక్కనున్న వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు.

డిగ్రీ అయిపోయింది. ఇప్పుడు అదే కాలేజీలో పీజీ చదువుతున్నాను. చూపు ఇంకా సన్నబడింది. ఎదుటి మనిషి కళ్లు చూస్తే నోరు కనిపించదు, నోరు చూస్తే కళ్లు కనిపించవు. భయం పోయిందంటే అబద్ధం.

ఈ మధ్య సారు నాకొక తెల్లకర్ర ఇచ్చాడు. మడిస్తే సంచిలో పడుతుంది. కాలేజీ వరండాలో తెరిచి నడుస్తాను. ఊళ్లో తెరవలేదు. మొన్న సంచి ఉతకబోయి అవ్వ దాన్ని చూసింది. మడతలు విప్పి, మళ్లీ మడిచింది.

"గిది పట్టుకుంటె పడరా?"

"పడుడు తక్కువైతది అవ్వా."

"అయితే గీడ గూడ పట్టుకో. మంది చూస్తే చూడనీ" అంది. కర్రను నా చేతిలో పెట్టింది.

రేపు తెరుస్తాను అనుకుంటాను. బస్సు దిగేటప్పుడు రోజూ అనుకుంటాను.