కుంకుమ బొట్ల కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద వస్తువు ఒక కారు. అది నడిచేది కాదు. శ్రీకాకుళం వైపు మా ఎస్టేటు పోయాక తాతయ్య రైలు వ్యాగనులో జంషెడ్‌పూర్ తెచ్చుకున్నవి ఆ కారూ, ఒక ఇనప్పెట్టె మాత్రమే. ఆ ఊళ్లోని సిద్ధగోరాలో మా ఇంటి పక్క కారే రేకుల షెడ్డులో అది ఎన్నో వానాకాలాలు నానింది. చిరిగిన రెక్సిను, సీట్ల నిండా ఎలుకల పెంట, తలుపు తీస్తే ముక్కు మూసుకునేంత కంపు. అయినా బంధువులు వస్తే తాతయ్య ముందుగా దాన్నే చూపించేవారు. వాళ్లు గౌరవంగా తల ఊపి, గేటు దాటగానే నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు వింటే నాకు ఆ వయసులోనే ఒళ్లు మండేది.

దానికి మళ్లీ ప్రాణం పోస్తానని మా చిన్నాన్న పూనుకున్నాడు. ఆయనకు వెల్డింగు వచ్చు. పాత బాడీని కొత్త ఫ్రేము మీద కిందికి దించి, బలమైన ఇంజను పెట్టి నడిపే బళ్లను ఏదో విదేశీ పత్రికలో చూశాడు. హాట్‌రాడ్ అంటారట. ఫ్రేము మాత్రం నిజంగా గొప్పగా కట్టాడు. చానలు ఇనుము కోసి, చదునైన గచ్చు మీద పరిచి, మూల నుంచి మూలకు దారం లాగి, అటూ ఇటూ కొలత ఒక్కటయ్యేదాకా అతుకు వెయ్యలేదు. ఎర్ర ఆక్సైడు పూసిన ఆ ఫ్రేము మీద నన్ను నిలబెట్టి గెంతమన్నాడు. అది ఇసుమంతైనా ఊగలేదు.

చిక్కంతా బాడీతోనే వచ్చింది. ఫ్రేముకు బోల్టులు బిగించవలసిన అడుగుభాగాన్ని తుప్పు తినేసింది. అది కోసేసి కొత్త రేకు అతకాలి. తాతయ్య ఒప్పుకోలేదు. తన తండ్రిగారు కూర్చున్న కారులో ముక్క కూడా కోయడానికి వీల్లేదన్నారు. విశ్వకర్మ పూజనాడు నాయనమ్మనూ నన్నూ అందులో కూర్చోబెట్టి బిష్టుపూర్ పూజ పందిరి దాకా తీసుకెళ్లాలనీ, ఊరి నుంచి వచ్చే బంధువులు అది కళ్లారా చూడాలనీ ఆయన పంతం. చిన్నాన్న షెడ్డు తలుపు మూసుకుని కొన్నాళ్లు ఏదో చేశాడు. తలుపు తీసేసరికి కారు ఫ్రేము మీద కూర్చుని నల్లగా అద్దంలా మెరుస్తోంది.

ఆ పండగ రోజున ఈ ఊళ్లో ప్రతి యంత్రానికీ, ప్రతి బండికీ స్నానమూ బొట్టూ ఉంటాయి. మా కారుకు బొట్టు పెట్టే పని నాది. బంధువులు వాకిట్లో కుర్చీల్లో కూర్చున్నారు. మాతోనే ఉండే మా మేనత్త నన్ను వంటింట్లోకి పిలిచి, పాత రేడియో స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి చేతిలో పెట్టింది. పొయ్యి దగ్గరి బొగ్గు గోనెలు మాయమవుతున్నాయని ఆవిడ చాలా రోజులుగా గొణుగుతోంది.

"ఒలే గుంటా, దీన్ని బండికి ఆనించుకుంటా తిరుగు. అతుక్కున్న కాడ ఊరుకో. జారి పడిపోయిన కాడల్లా బొట్టెట్టు."

"ఏటికత్తా?"

"ముందెట్టు. తరవాత చెప్తాను."

బానెట్టు మీద అది టక్కున అతుక్కుంది. పైకప్పు మీదా అంతే. తలుపు కింద ఆనించగానే జారి నేల మీద పడింది. బొట్టు పెట్టాను. కాస్త జరిపి పెడితే మళ్లీ పడింది. వెనక చక్రాల పక్కన, అడుగు అంచు పొడవునా, బోల్టులు బిగించిన చోటల్లా పడుతూనే ఉంది. కుంకుమ భరిణె ఖాళీ అయిపోయింది.

"బండికి అమ్మోరు పోసిందేటర్రా!" అన్నాడు బంధువుల్లో ఒకాయన. అందరూ పకపకా నవ్వారు.

చిన్నాన్న ముఖం పాలిపోయింది. "అరే, ఛోడో నా అప్పా, చిన్నపిల్ల ఆట" అంటూ అక్కను వారించి, గుడ్డ తీసుకుని బొట్లు తుడవబోయాడు. అత్త అడ్డంగా నిలబడింది.

"అమ్మని కూకోబెడతావురా ఇందులో? నా బొగ్గు గోనెలు ఏటి చేసేవో నాన్నతో నువ్వే చెప్పు."

తాతయ్య లేచి వచ్చారు. వెండి పొన్ను చేతికర్ర కొనను ఒక బొట్టు మీద ఆనించి నొక్కారు. మెరుగు పగిలింది. లప్పం పెళ్లలుగా రాలి, కర్ర లోపలికి దిగిపోయింది. వెనక్కి లాగితే కుళ్లిన గోనె పీలికలు, వాటిని అంటిపెట్టుకుని బొద్దింకలు బయటికొచ్చాయి. చచ్చిన ఎలుక కంపూ కొత్త రంగు వాసనా కలిసి గుప్పున కొట్టాయి. ఇందాక అమ్మోరు పోసిందన్న పెద్దమనిషి పంచె ఎత్తి పట్టుకుని వెనక్కి జరిగాడు. ఆ గోనెలకు బిగించిన బండిలోనే నాయనమ్మా నేనూ కాసేపట్లో కూర్చోవలసింది.

తాతయ్య కర్ర కొనను తన కండువాతో తుడుచుకున్నారు. "కోసెయ్" అన్నారు చిన్నాన్నతో. ఆ రోజు బంధువుల కళ్ల ముందే అందరం పూజకు నడిచి వెళ్లాం. తాతయ్య నడుము ఎప్పటిలాగే నిటారుగా ఉంది. గోనె కుక్కి లప్పం పూసిన చోట అయస్కాంతం నిలవదని అత్త దారిలో చెప్పింది.

కోయగా కోయగా పాత కారులో మిగిలింది బానెట్టూ పైకప్పూ, తలుపుల పై సగమూ. కొత్త రేకు అతుకుల మీద లప్పం పెట్టడానికి తాతయ్య ఒప్పుకోలేదు. ఆ అతుకులన్నీ కనబడుతూనే మా కారు గోల్‌మురి రోడ్ల మీద తిరిగింది. నవ్వేవాళ్లు నవ్వారు. వెనక సీట్లో నాయనమ్మ పక్కన నేను తల ఎత్తుకునే కూర్చున్నాను.

ఇప్పుడు మా వాళ్ల పెళ్లిళ్లకు వెళితే, తమ తాతల వాకిట్లో ఏనుగులు ఉండేవని పిల్లలు అద్దెకు తెచ్చిన షేర్వానీల్లో నిలబడి చెబుతారు. మాకు ఏనుగులు లేవు. ఎస్టేటు ఉండేది, చేతగాక పోగొట్టుకున్నాం. వాళ్ల మాటలు వింటుంటే ఆ గోనె కంపే ముక్కుకు తగులుతుంది. భోజనం ముట్టకుండా వచ్చేస్తాను.

అత్త ఇచ్చిన అయస్కాంతం మా ఇనప్పెట్టె తలుపుకు అతుక్కుని ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాడి చూపూ ఆ పెట్టె మీదికే పోతుంది. అందులో ఏమీ లేదు. అడిగినవాళ్లకు ఆ మాటే చెబుతాను.