పెద్దమ్మ మొక్కిన బెల్లం

మా పెద్దమ్మ చౌడేశ్వరమ్మ దేవుడితోనైనా బేరమాడే మనిషి. చల్లపల్లిలో పెదనాన్నతో కలిసి చేనేత చీరల వ్యాపారం చేస్తుంది మరి, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? నా పరీక్షలప్పుడు అమ్మవారికి కొబ్బరికాయ మొక్కేది. మార్కులు చూశాకే కొట్టేది.

పోయినేడాది పెదనాన్న సాంబమూర్తి గారు చీరల మూటతో హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి, అక్కడికక్కడే కుప్పకూలిపోయారు. గుండె ఆగిపోయింది. ఎదురుగా టైర్ల కొట్టున్న జయపాల్ గారు పరుగెత్తుకొచ్చారు. వాళ్ల చర్చిలో ఎప్పుడో డాక్టర్లు నేర్పించింది గుర్తు తెచ్చుకుని, అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నారు. చుట్టూ చేరినవాళ్లు "ఇంకెక్కడి ప్రాణమండీ" అంటున్నా చెయ్యి ఆపలేదు. అంబులెన్సులో షాక్ ఇచ్చాక గుండె మళ్లీ కొట్టుకుంది.

ఫోన్‌లో కబురు వినగానే పెద్దమ్మ, ఆయన లేచి కూర్చుంటే ఆయన బరువుకి బరువు బెల్లం తూయిస్తానని అమ్మవారికి మొక్కేసింది.

పెద్దమ్మా నేనూ విజయవాడ ఆసుపత్రికి చేరేసరికి పెదనాన్న వెంటిలేటర్ మీద ఉన్నారు. డాక్టరు గారు బయటికొచ్చి, గుండెలో స్టెంట్ వేశామని, స్పృహ ఇంకా రాలేదని చెప్పారు.

"షుగర్ మూడొందలు దాటింది. మెదడు కోలుకోవాలంటే అది అదుపులో ఉండాలి. ఇన్సులిన్ పెట్టాం" అన్నారు.

పెదనాన్నకి ఏనాడూ షుగర్ లేదు. ఆ మాట వినగానే పెద్దమ్మ గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. నాకు భయమేసింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"నేనే చంపేస్తున్నానే ప్రత్యూషా! బెల్లం అని మొక్కాను కదా, ఆ తీపంతా ఆయన ఒంట్లోకి పోయింది. మొక్కు మార్చుకోవచ్చంటావా? బెల్లం బదులు నూలు తూయిస్తాను. పట్టునూలే తూయిస్తాను!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఎంత చెప్పినా వినదు. ఐసీయూ నర్సు కృప అటుగా వస్తూ ఆ మాటలు విని, ఆగి, ఆవిడ పక్కనే చతికిలబడింది. మైలవరం పిల్ల. నాకంటే చిన్నదే.

"అమ్మా, ఆ చక్కెర బయట నుంచి రాలేదండీ. ఆయన ఒంట్లో దాచుకున్నదే. గుండె ఆగి మళ్లీ కొట్టుకునేసరికి ఒళ్లు బెదిరిపోయి ఉన్నదంతా రక్తంలోకి వదిలేస్తుంది. చాలామందికి ఇలాగే అవుద్దండి. మరీ పెరక్కుండా, మరీ పడిపోకుండా మేం చూసుకుంటాం. మీ మొక్కు జోలికి వెళ్లకండి."

"నా బెల్లం వల్ల కాదంటావా తల్లీ?"

"కాదమ్మా."

ఆ పిల్లకి చేతులెత్తి మొక్కాలనిపించింది నాకు. అప్పటి నుంచి కృప బయటికి రావడం ఆలస్యం, "ఎంతుందమ్మా?" అని అడిగేది పెద్దమ్మ. అంకె దిగుతూ వచ్చింది. ఆ తర్వాత పెదనాన్న కళ్లు తెరిచారు. గొట్టం తీశాక మొదట అడిగింది పెళ్లాన్ని కాదు, చీరల మూటని! అది జయపాల్ గారి కొట్లో భద్రంగానే ఉంది.

కొన్ని నెలలకి మళ్లీ పరీక్ష చేయించాం. షుగర్ జబ్బు లేదన్నారు. ఇక పెద్దమ్మని ఎవరాపగలరు? మా వీధి గుళ్లో తక్కెడ కట్టించింది. కృపకి డ్యూటీ ఉందంటే ముందే ఆసుపత్రికెళ్లి పట్టుచీర పెట్టొచ్చింది. జయపాల్ గారు వచ్చారుగానీ గుడి బయటే నిలబడ్డారు. పెద్దమ్మ ఒక బెల్లం పొట్లం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లింది.

"ఇది అమ్మవారికి పెట్టింది కాదు బాబూ. మీరు ప్రసాదం తినరని తెలుసు. విడిగా ఉంచాను."

"అయితే నా తూకంలో కోత పెట్టావన్నమాట!" అని లోపల తక్కెడలోంచి కేకేశారు పెదనాన్న.

"మీరు కదలకుండా కూర్చోండి!"

జయపాల్ గారు నవ్వుతూ రెండు చేతులూ చాపారు. పెద్దమ్మ పొట్లం వాటిలో పెట్టి, ఆ చేతులు అలాగే పట్టుకుని కళ్లకద్దుకుంది.

"మీకేం ఇస్తే సరిపోతుందో తెలియట్లేదు బాబూ" అంది.

మా పెద్దమ్మకి ధర తెలియకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.