ఎర్రమందుకు బెల్లం విరుగుడు

మా మందుల కంపెనీలో బ్రోమిన్‌ని ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. ‘ఎర్రమందు’ అనేవారు. మూత తీస్తే ఎర్రటి పొగ నేలబారుగా పాకేది. దానికి విరుగుడు బెల్లం. వెటకారానికి చెప్పడం లేదు. షిఫ్టు దిగే ప్రతి మనిషికీ ఒక బెల్లం ముక్క ఇవ్వడం మా కంపెనీ పద్ధతి. గొంతులో పట్టిందంతా దాంతో కడుపులోకి జారిపోతుందట. పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, బెల్లం పోయేది కడుపులోకి. ఈ దారులు వేరని పదో తరగతి తప్పినవాడికీ తెలుసు. మా మేనేజరుగారికి మాత్రం పెద్ద చదువులు అడ్డొచ్చాయి.

ఆ బెల్లం పంచేది స్టోర్స్ గుమాస్తానైన నేనే. నర్సీపట్నంలో కంపెనీ బస్సెక్కి, హైవే పక్కన దిగి, నా కౌంటరులో కూర్చునేవాణ్ణి. వెనక అద్దాల బీరువాలో గ్యాస్ మాస్కులు ఉండేవి. ఆడిట్ వాళ్ళొస్తే తీసి తుడిచి అందరికీ తగిలించేవాళ్ళం, వాళ్ళ కారు గేటు దాటగానే మళ్ళీ తాళం. పైన పటారం, లోన లొటారం. తాళంచెవి నా జేబులోనే ఉన్నా మేనేజరుగారి సంతకం లేకుండా తీయకూడదు. ఆ రూలుని నేను దేవుడి కంటే ఎక్కువ భక్తితో కొలిచాను.

మా అక్క మొగుడు అక్కడే ఆపరేటరు. ఎర్రమందు వాసన తనకి తెలియకపోవడమే బావ గొప్ప. “నాకు అలవాటైపోనాది” అని మీసం తిప్పేవాడు. వాసన వస్తే బయటికి పరుగెత్తమని సేఫ్టీ ఆఫీసరు ట్రైనింగులో చెప్పేవాడు. ముక్కు చచ్చిపోయినవాడు ఎలా పరుగెడతాడో ఆ మహానుభావుడికి తట్టలేదు. పైగా బావకి ‘ఉక్కు ముక్కు’ అని బిరుదిచ్చాడు.

ఒక మధ్యాహ్నం పైపు జాయింటు దగ్గర ఎర్రమందు కారింది. అందరూ కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చేశారు. బావ మాత్రం మూతికి తువ్వాలు చుట్టుకుని బోల్టులు బిగించాడు. మధ్యలో నా దగ్గరికి వచ్చాడు.

“బామ్మర్దీ, బేగి ఓ మాస్కు ఇయ్యి. కళ్ళు మండిపోతన్నాయి.”

“మేనేజరుగారి సంతకం ఏదీ?” అన్నాను. సొంత బావని అడిగాను ఆ మాట.

“ఇప్పుడు సంతకమేటి? సర్లే, బెల్లమైనా పడెయ్యి.”

ఇచ్చాను. చప్పరిస్తూ మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

సాయంత్రానికి ఇంట్లో బావకి ఆయాసం మొదలైంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నాకు మేనేజరుగారి ఫోను, పక్కనున్న బావకీ వినబడింది. “దుమ్ము పడక ఆయాసమొచ్చిందని డాక్టరుకి చెప్పండి. మిగతాది కంపెనీ చూసుకుంటుంది.” మనిషి ఎలా ఉన్నాడని అడగలేదు.

ఏం పీల్చావని డాక్టరు బావని అడిగాడు.

“దుమ్మండీ,” అన్నాడు బావ రొప్పుతూ.

డాక్టరు ఉబ్బసం మందులు రాయడం మొదలుపెట్టాడు. బావ పెదవులు నల్లబడుతున్నాయి. నాకు భయమేసింది, నా మీద నాకే అసహ్యమేసింది.

“దుమ్ము కాదండీ, బ్రోమిన్,” అన్నాను.

డాక్టరు కలం ఆగిపోయింది. “ఎప్పుడు?”

“మధ్యాహ్నమండీ.”

“అది గంటలు గడిచాక కూడా ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తుందయ్యా! ముందే చెప్పొద్దూ?” అని కసిరి, ఆక్సిజన్ పెట్టించి, అంబులెన్సులో వైజాగ్ పంపించాడు.

బావ బతికాడు. మా ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. మేనేజరుగారికి ఏమీ కాలేదు, ఆ జాతికి ఏమీ కాదు. నేను నోరు మూసుకుని ఉంటే కంపెనీ చూసుకునేదని బావ నమ్మకం. అక్కని చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా మంచం మీద నుంచి నన్ను తిడతాడు. ఒక్క తిట్టు పూర్తి చెయ్యడానికి మూడుసార్లు ఊపిరి తీసుకోవాలి. అది పూర్తయ్యేదాకా నేను గుమ్మంలోనే నిలబడతాను.