ఒక్క కుట్టులోంచే

లెక్కల మేడమ్‌కి కోపమే రాదని కాలేజీలో అందరూ అనుకుంటారు. వాళ్ళెవరూ ఆవిడ ఇల్లు మారడం చూడలేదు.

ఆవిడ పరిశోధన చెప్పడానికి తేలికే, తేల్చడానికే ప్రాణం తోడేస్తుంది. ఒక రబ్బరు పలక మీద చిన్న చిన్న సున్నాలు గీసి, ఇంకో ఆకారంలో పట్టేలా సాగదీస్తే ఆ సున్నాలు కోడిగుడ్లయిపోతాయి. పలక చిరగకూడదు, మడత పడకూడదు. అన్నిటికన్నా ఎక్కువ సాగిన గుడ్డు కూడా వీలైనంత తక్కువ సాగాలి. వెడల్పు దీర్ఘచతురస్రాన్ని, మూలకి మూల కలిసేలా, ఇరుకుదానిలోకి పంపాలంటే సమాధానం ఎప్పుడో తెలుసు: సాగదీతని అంతటా సమానంగా పంచడమే. ఒకచోట సున్నాని సున్నాగా కాపాడబోతే ఆ భారం ఇంకోచోట పడి, అక్కడి గుడ్డు పుల్లయిపోతుంది. మేడమ్ పట్టుకున్నది మధ్యలో బెజ్జాలున్న ఆకారాలని. నిరూపణలో ఒక మెట్టు కుదరలేదని పత్రికవాళ్ళు వ్యాసం వెనక్కి పంపారు. నెలాఖరులోగా సరిచేసి ఇవ్వకపోతే ఏళ్ళ శ్రమ మట్టిగొట్టుకుపోయినట్టే.

సరిగ్గా అప్పుడే ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. దొరికిన కొత్త ఇల్లు పొడుగ్గా, ఇరుగ్గా రైలుపెట్టెలా ఉంది. భర్త దర్జీ, ఇంట్లోనే కుడతాడు. సామాను సర్దే పని తనే నెత్తినేసుకుని, కొత్త ఇంటి కొలతలు పెద్ద కాయితం మీద గీసి, మంచానికీ, అత్తగారి బీరువాకీ, కుట్టుమిషనుకీ, కటింగు బల్లకీ తలో అట్టముక్క కత్తిరించి పేర్చాడు. బీరువా కిటికీ పక్కనే ఉండాలనీ, రెండు తలుపులూ బార్లా తెరుచుకోవాలనీ అత్తగారు పట్టుబట్టింది. మిషను చుట్టూ మనిషి తిరగాలన్నాడాయన. చివరికి మేడమ్ రాసుకునే టేబుల్ పట్టలేదు. దర్జీ చెయ్యి కదా, ఊరుకుంటుందా? ఆ అట్టముక్క అంచు కాస్త కత్తిరించాడు. పట్టలేదు. ఇంకాస్త కత్తిరించాడు. పట్టింది. చక్కగా సరిపోయిందని మురిసిపోతూ చూపిస్తే, పరీక్ష పేపర్లలో తలమునకలై ఉన్న మేడమ్ అటు చూడకుండానే తలూపింది.

తీరా సామాను దిగాక, తననెవరూ కత్తిరించలేదని టేకు టేబుల్ తేల్చేసింది. మిగిలిన సందులో చీపురు పడుతుంది గానీ టేబుల్ పట్టదు. కూలీలు దాన్ని మెట్ల దగ్గరే వదిలేసి వెళ్ళిపోయారు. ఆయన టేపు పెట్టి కొలిచి, అట్టముక్క వైపు చూసి నాలిక్కరుచుకున్నాడు. అయినా నోట్లోంచి వచ్చింది పాత మాటే. వంటింటి గట్టు మీద రాసుకోవచ్చుగా, ఈసారికి సర్దుకుపొమ్మన్నాడు. పెళ్ళైన కొత్తలో ఆవిడ మంచం మీద రాసుకుని సర్దుకుంది. లైటుకి అత్తగారి నిద్ర చెడుతోందంటే వరండాలో సర్దుకుంది. ఇప్పుడిక పొయ్యి పక్కన. మేడమ్‌కి ఒళ్ళు మండిపోయింది.

“చొక్కా లూజు తియ్యమంటే మీరెలా తీస్తారు?” అని అడిగింది.

ఆయన తెల్లబోయాడు. “అన్ని కుట్లలోంచీ కొంచెం కొంచెం తీస్తాను. ఒక్కదాన్లోంచే లాగేస్తే చొక్కా వంకరపోతుంది. ఆ కుట్టు దగ్గరే చిరుగుతుంది కూడా.”

“నా చదువంతా అదేనండీ. ఈ ఇంట్లో మాత్రం ఇన్నేళ్ళూ ఒక్క కుట్టులోంచే లాగుతున్నారు. ఆ కుట్టు నేను.”

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనా ఏదో ఒకటి అని తప్పించుకునేవాడు. ముందు కదిలింది అత్తగారే. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి తను ఊరేగేదేముందని గొణుక్కుంటూ లేచి, బీరువాని మూలకి జరపమంది. ఆయన కటింగు బల్లని గోడకి తోశాడు. మంచం కాస్త, మిషను కాస్త జరిగాయి. అందరికీ ఇరుకే అయింది, ఎవరికీ మరీ ఇరుకు కాలేదు. టేబుల్ లోపలికొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మిషను తొక్కుతుంటే మోచెయ్యి గోడకి కొట్టుకుని ఆయన అబ్బా అన్నాడు. మేడమ్ కాయితం మీంచి తలెత్తలేదు.

“ఈసారికి సర్దుకుపోండి” అంది.