కదలని నిమ్మకాయ

నా చిన్నప్పుడు మా కారుకి దైవభక్తి ఎక్కువని ఇంటిల్లిపాదీ గట్టిగా నమ్మేవాళ్ళం.

నవ్వకండి. ఆమదాలవలసలో మాది ధాన్యం వ్యాపారం. మా తాతయ్య ఆ నల్ల అంబాసిడర్‌ని ఎవరి దగ్గరో వాడినదే కొన్నాడు. ప్రతి ఆదివారం అందరం అందులో ఇరుక్కుని అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకుని వచ్చేవాళ్ళం. ఒకసారి తిరుగుదారిలో కారు ఎడమకి లాగడం మొదలుపెట్టింది. తాతయ్య స్టీరింగు తిప్పితే కాసేపు ఆలోచించుకుని గానీ తిరిగేది కాదు. "సామి ఎనక్కి పిలస్తన్నాడు, ఏదో మొక్కు మరిసిపోనాం" అని మా నాన్నమ్మ తేల్చేసింది. మరుసటి ఆదివారం కారుకి ప్రత్యేకంగా పూజ చేయించాం. లాగడం తగ్గలేదు సరికదా పెరిగింది. అంటే భక్తి కూడా పెరిగిందన్నమాట. మెకానిక్కుకి చూపించాలన్న ఊహ ఒక్కరికీ రాలేదు.

దానికి తోడు మలుపుల్లో ముందు చక్రం దగ్గర 'టక్, టక్' మని చప్పుడు వచ్చేది. ముందు సీట్లో కూర్చుని ఆ టక్కులు లెక్కపెట్టడం నా ఆట. ఆ కారు తనకొక్కడికే లొంగుతుందని తాతయ్యకి గర్వం. ఇంకెవరైనా తోలితే తిన్నగా పొలంలోకి పోతుందని చెప్పి నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చిన్నత్తకి తొలి కాన్పు దగ్గరపడింది. తాతయ్యకి ఆఖరి కూతురు, అందరికీ ముద్దు. పాతపట్నంలో అత్తవారింటి నుంచి పురిటికి ఆమెను తీసుకురావాలి. సోమవారం బాగుందన్నారు. మర్నాడు మంగళవారం, ఆడపిల్లని గడప దాటించరు. కాబట్టి ఆ రోజే వెళ్ళి ఆ రోజే వచ్చెయ్యాలి.

బయల్దేరే ముందు ఫ్యాన్ బెల్టు మార్చడానికి తాతయ్య మేస్త్రిని పిలిపించాడు. స్టేషను దగ్గర లారీలు బాగుచేసే మనిషి, మాట తక్కువ. బెల్టు మార్చి వెళ్ళబోతూ ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. టక్కుమంది. "మా కారు మాటాడతాది" అన్నాను గొప్పగా. ఆయన నవ్వలేదు. కారు కిందకి దూరి చాలాసేపు బయటికి రాలేదు.

వచ్చి, "బాబూ, స్టీరింగు జాయింట్లు అరిగిపోనాయి. ఈ బండి ఈయేళ కదలకూడదు" అన్నాడు.

తాతయ్యకి కోపం నషాళానికంటింది. "నిన్నటికి నిన్న ఎనిమిదిమందిమి ఎక్కి అరసవిల్లి ఎల్లొచ్చినాం. నా బండి సంగతి నువ్వు నాకు సెప్తావేటిరా?"

అప్పటికే నాన్నమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ, రెండు నిమ్మకాయలు పట్టుకుని నిలబడి ఉంది. ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించనిదే మా ఇంట్లో బండి దూరప్రయాణానికి కదిలేది కాదు. మేస్త్రి వాదించలేదు. చేతులు తుడుచుకుని ఆ నిమ్మకాయలు తనకిమ్మని అడిగాడు. వాటిని చక్రాల కింద పెట్టలేదు. ఒక్కో ముందు చక్రానికి ఎడమ పక్కన, టైరు ముందు అంచుకి ఆనించి పెట్టాడు.

"కూకుని స్టీరింగు ఎడంపక్కకి తిప్పండి బాబూ. రెండు కాయలూ దొర్లితే పాతపట్నం ఎల్లిపోండి. నాను నోరెత్తను."

తాతయ్య విసురుగా తిప్పాడు. కుడి చక్రం పక్కనున్న కాయ దొర్లిపోయింది. ఎడమ చక్రం పక్కనున్నది అలాగే ఉంది. ఇంకా తిప్పమన్నాడు మేస్త్రి. ఇంకా తిప్పాడు. నేను ఆ చక్రం ఎదురుగానే గొంతుక్కూర్చుని కాయనే చూస్తున్నాను. పైన స్టీరింగు తిరుగుతోంది, కింద చక్రం కదలడం లేదు.

తాతయ్య దిగి వచ్చాక మేస్త్రి ఒక ఇనపకడ్డీ చక్రం వెనక పెట్టి మెల్లగా ఎత్తాడు. పెద్ద బలమేమీ వెయ్యలేదు. చక్రాన్ని తిప్పే కమ్మీ కొస జాయింటులోంచి ఊడి వేలాడింది.

నాన్నమ్మ పళ్ళేన్ని కటిక నేలమీద పెట్టేసి, నిన్న కారులో కూర్చున్న వాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టింది. అందరి పేర్లూ అయ్యాక చిన్నత్త పేరు చెప్పి ఆగిపోయింది. నిన్న అరసవల్లి నుంచి వస్తూ నలభై ఒక్క టక్కులు లెక్కపెట్టాను. ప్రతి టక్కుకీ చప్పట్లు కొట్టాను.

తాతయ్య మేస్త్రిని తిడతాడేమో అనుకున్నాను. ఆయన అరుగుమీద కూలబడి తన చేతులు చూసుకున్నాడు. "బండి నాకు లొంగిందనుకున్నానురా. నానే దానికి అలవాటైపోనాను" అన్నాడు. అలాంటి మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. తర్వాత నాన్నమ్మతో, "అమ్మిని బుధవారం తెద్దాం" అన్నాడు.

కొత్త జాయింట్లు ఆ సాయంత్రం విజయనగరం నుంచి రైల్లో వచ్చాయి. మంగళవారం పొద్దున్న మేస్త్రి చక్రాలు విప్పి, పాత జాయింట్లను రెండు సుత్తులతో రెండు వైపులా కొట్టి వదులు చేశాడు. నేను దూరంగా బిక్కమొహం వేసుకుని నిలబడటం చూసి దగ్గరకు పిలిచాడు. "టక్కులు లెక్కెట్టినావు కదమ్మీ, ఇప్పుడు ఈ మర తిప్పిన సుట్లు లెక్కెట్టు. ఎన్ని సుట్లకి పాతది ఊడితే అన్ని సుట్లే కొత్తది ఎక్కాల. లేపోతే సక్రం వంకర పోతాది." పదమూడు చుట్లు. కొత్తది ఎక్కుతుంటే బిగ్గరగా లెక్కపెట్టాను. తప్పుతానేమోనని భయంతో నా గొంతు కీచుమంది.

మళ్ళీ నిమ్మకాయలు పెట్టాం. రెండూ ఒక్కసారే దొర్లాయి. బుధవారం చిన్నత్త దారిపొడుగునా నిద్రపోతూ వచ్చింది. ఒక్క టక్కు కూడా వినిపించలేదు. రెండు వారాలకి ఆడపిల్ల పుట్టింది.

అప్పటి నుంచి ఏ చప్పుడైనా అలవాటైపోతోందంటే నాకు భయం. ఫ్యానుదైనా, నా మోకాలిదైనా, ఇంట్లో ఎవరి దగ్గైనా సరే. మా పిల్లలు నన్ను అనుమానప్పక్షి అంటారు. అననీ.

ఆ పుట్టిన పిల్ల నాకు మరదలు. దానికిప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. ఆ నల్ల కారు ఇప్పుడు దాని దగ్గరే, శ్రీకాకుళంలో ఉంది. పోయిన నెల ఫోన్ చేసి, "వదినా, జాయింట్లు మళ్ళీ మార్పించినాను. నిమ్మకాయలట్టుకుని రా" అంది. వెళ్ళాను. అది స్టీరింగు ముందు కూర్చుంది. నేను మోకాళ్ళు పట్టుకుని ఎడమ చక్రం ఎదుట కూర్చున్నాను. రెండు కాయలూ దొర్లాయి.

అయినా ఇంకోసారి తిప్పమన్నాను.