బోను మీద ముసుగు

ముప్పై ఏళ్లు ఆమె చొక్కాలు కుట్టింది. చూపు మందగించాక పిల్లి బోనులకు ముసుగులు కుట్టడం మొదలుపెట్టింది. వీధి పిల్లుల్ని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, గుర్తుగా ఎడమ చెవి కొన కత్తిరింపజేసి, మళ్లీ వాటి చోటే వదిలే గుంపు ఒకటుంది. అయిదుగురే. అందులో ఆమె ఒకతె.

చీకట్లో పిల్లి నెమ్మదిస్తుంది. అందుకే బోను తలుపు పడగానే ముసుగు కప్పుతారు. కప్పే ముందు వంగి పొట్ట చూడాలి. పాలిచ్చే తల్లికి చన్నుల చుట్టూ బొచ్చు ఉండదు. అలాంటి దాన్ని అక్కడికక్కడే వదిలేయాలి. ఈ నియమం పెట్టింది ఆమే.

ఉండేది తమ్ముడి ఇంట్లో. మరదలు మంచిదే, నోరే ఊరుకోదు. మనుషుల కొలతలు అయిపోయి పిల్లుల కొలతలు మొదలయ్యాయా అని అడిగేది. అడుగుతూనే పాత దుప్పట్లు తెచ్చి కుట్టుమిషను పక్కన పెట్టేది.

అచ్చు ప్రెస్సు వెనక సందులో ఒక బూడిదరంగు పిల్లి మూడు వారాలుగా చిక్కలేదు. ఒక తెల్లవారుజామున బోను తలుపు టక్కున పడింది. పిల్లి కమ్మీలకేసి తల బాదుకుంది. ఆమె గబుక్కున ముసుగు వేసింది. సంతోషంలో వంగలేదు.

గుంపులో రిటైరైన బస్సు కండక్టరు ఒకడున్నాడు. ఆటోలో బోను ఎక్కిస్తూ, ఇన్నాళ్లకు టికెట్ లేని ప్రయాణికురాలు దొరికిందన్నాడు. ఆమె నవ్వింది.

పశువుల డాక్టరమ్మ మత్తు ఇచ్చి పిల్లిని వెల్లకిలా తిప్పింది. కత్తి పట్టుకోకుండా చేతులు దించింది.

"అమ్మా, దీనికి పాలున్నాయి."

ఆమె వంగి పిల్లి పొట్ట చూసింది.

"పిల్లలెక్కడున్నాయో తెలుసా?"

తెలియదు. నెలలోపు పిల్లలైతే రోజు దాటి తట్టుకోవడం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ ఆపేసింది.

సందంతా వెతికారు. రేకులెత్తారు, కాలవ గట్టు చూశారు. తల్లి లేనప్పుడు పిల్లలు కిక్కురుమనవు. పిల్లి ఏడిళ్లు మారుస్తుందంటారు, ఇప్పుడు పిల్లలు ఎన్నో ఇంట్లో ఉన్నాయో అన్నాడు కండక్టరు. ఈసారి ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నానికి ఒకటే దారి మిగిలింది. తల్లే చూపించాలి. కానీ మత్తు దిగకుండా వదిలితే ఏ చక్రం కిందో పడుతుంది. దిగేదాకా ఆగితే అక్కడ పిల్లలు. ఆమె బోను ముందు నేల మీద కూర్చుని పిల్లి కాళ్ల వైపే చూసింది. మొదట లేచి ఒరిగిపోయింది. తర్వాత గోడకు ఆనుకుని నిలబడింది. మూడు గంటలు దాటాక తిన్నగా నాలుగు అడుగులు వేసింది.

"ఇప్పుడు వదిలితే జన్మలో మళ్లీ బోనెక్కదక్కా," అన్నాడు కండక్టరు.

"ఎక్కకపోతే పోనీరా."

సందులో తలుపెత్తారు. పిల్లి పరుగెత్తలేదు. ఆగి, వెనక్కి చూసి, ప్రెస్సు కిటికీలోంచి లోపలికి దూకింది. వాళ్లు తలుపు గుండా వెనకే వెళ్లారు. కాగితం కత్తిరించే మిషను వెనక, ముక్కలు నింపిన గోనెల మధ్య ఆగింది. సన్నగా అరిచింది.

నాలుగు పిల్లలు. మూడు తల్లి పొట్టలో తల దూర్చాయి. నాలుగోదాన్ని తల్లి చాలాసేపు నాకింది. తర్వాత నాకడం మానేసింది.

తల్లి పక్కకు జరిగాక ఆమె దాన్ని గుడ్డముక్కలో చుట్టి తీసుకుంది. అరచేతికి బరువే తెలియలేదు. సందు చివర మట్టి తవ్వి పెట్టారు. మీ తప్పు కాదని కండక్టరు అనబోయి ఆగాడు. ఆమె తప్పే.

ఇంటికొచ్చి ఏడు ముసుగులూ తెచ్చి పరిచింది. ఒక్కోదానికి పొట్ట ఎత్తులో జానెడు గుడ్డ కత్తిరించి, పైన రెప్పలా కుట్టి, బొత్తాం పెట్టసాగింది. మరదలు వచ్చి చూసింది.

"కిటికీ ఎందుకు వదినా?"

ఆమె చెప్పింది. పొద్దున్నుంచి జరిగిందంతా, వంగని సంగతితో సహా చెప్పింది. మరదలు సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది.