తల్లి గుటక

తల్లులను అడగకుండా పిల్లల నోట్లో మందు పోయనన్నందుకు సూరమ్మత్తను కేంపులోంచి వెళ్లగొట్టారు. అది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. వెళ్లగొట్టినవాళ్లు చాలామంది పోయారు. అంతమాత్రాన అది న్యాయమైపోదు.

ఈ పొద్దున, ఈ దీవి నడుమ మా ఊరు క్యూర్‌పైప్‌లో ఎప్పటి తుంపరే. కిటికీ తెరిస్తే పొగమంచు చుట్టంలా లోపలికొచ్చి కూర్చుంటుంది. వంటింట్లో మనవరాలు ఆయాపానా ఆకు కాస్తోంది, పసిదానికి కడుపు నొప్పని. ఆ పచ్చి వగరు వాసన తగలగానే నా ముసలి ఒళ్లు ఉత్తరాన చెరకు తోటల్లోకి వెళ్లిపోయింది. కోపం కూడా దానితోపాటే వెళ్లింది, వెచ్చగా, నిన్ననే రగిలినట్టు.

ఆమెను చూడనివాళ్ల కోసం చెబుతాను. ట్రియోలేకి అవతల ఒక చెరకు ఎస్టేటు ఉండేది. అందులో, ఓడల మీద ఈ దీవికి తెచ్చిన మా కూలీల గడ్డి ఇళ్ల వరుసలను కేంపు అనేవాళ్లం. తెల్లవారకముందే గంట కొడితే ఆడా మగా అందరూ తోటలోకి పోవలసిందే. చంటిపిల్లలు సూరమ్మత్త ఇంట్లో ఉండేవాళ్లు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మొగుడు మిల్లులో పోయాడు, కన్నబిడ్డలెవరూ దక్కలేదు. అరుగు మీద గోనెలు పరిచి, ఒకణ్ణి ఒళ్లో పెట్టుకుని, ఇంకొకణ్ణి కాళ్ల మీద ఊపుతూ, మిగతావాళ్లను ఒక్క కేకతో అదుపులో పెట్టేది. పిల్లల తల్లులు పెట్టే బియ్యం, పప్పే ఆమె బతుకు.

ఆమె దగ్గర ఒక కట్టడి ఉండేది. పిల్లకి మందు పోయాలంటే, కన్నవాళ్లలో ఒకరు ఆ మందును ఆమె కళ్లెదుట ఒక గుటక తాగాలి. తాగి, “నా బిడ్డకి పొయ్యి” అని నోటితో చెప్పాలి. ఏ పూటకి ఆ పూటే. నిన్నటి గుటక ఇవాళ చెల్లదు. వాము నీళ్లయినా సరే, తేనె చుక్కయినా సరే. వేలిముద్ర తప్ప ఎరగని ఆ కేంపులో తల్లి సమ్మతికి అదే గుర్తు.

నాకప్పుడు కొత్త సంసారం. చెరకు బండ్ల మీద దొరికిన చిత్తు కాగితాలు కూడబలుక్కుని తెలుగూ ఫ్రెంచీ చదవడం సొంతంగా నేర్చుకున్నాను కాబట్టి కాస్త పొగరు. ఒకరోజు నా కూతురు పైడితల్లికి విరేచనాలు. నా భార్య నూకాలు ముందుగా తోటకి వెళ్లిపోయింది. నేను పిల్లనీ, ఆయాపానా కషాయం సీసానీ పట్టుకుని సూరమ్మత్త అరుగెక్కాను.

“ముందు నువ్వు తాగు, అల్లుడా.”

“తండ్రిని కదా అత్తా, నా మాట చాలదా?”

“మాటకేటి, గాలికి పోద్ది. గుటకయితే కడుపులో ఉంటాది. తాగు.”

తాగాను. నా మొహం చూసి పిల్లలంతా ఒకటే నవ్వు.

“అయో! నీకంటే నీ కూతురే నయం, ఏడవకుండా తాగుతాది. సరే గాని, పొద్దున్న దాని అమ్మ ఏటైనా పోసిందా?”

“ఏమో, నాకేం తెలుసు?”

“నాకూ తెల్దు. అయితే ఎల్లి అడిగిరా.”

“తోటలోకా? సర్దారు నా తోలు తీస్తాడు!”

“తియ్యనీ. నీ తోలు మందమే. పిల్లది పలచన.”

గొణుక్కుంటూ వెళ్లాను. చెరకు సాళ్ల మధ్య కలుపు తీస్తున్న నూకాలు నడుము మీద చేయి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. “చీకట్లోనే పోసేను. మళ్లా పోస్తావేటి? పిల్లా, పీపానా?” పక్క సాలులో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. వాళ్లకు అదొక వారం వినోదం. తిరిగొచ్చి కషాయం పారబోశాను.  సూరమ్మత్త అప్పటికే వేరే పిల్ల ముక్కు తుడవడంలో ఉంది.

ఆ ఏడు వానలు తగ్గాక చలిజ్వరాలు ముమ్మరంగా వచ్చాయి. ఎస్టేటువాళ్లు క్వినైన్ పంపారు. మంచి పనే, నేను కాదనను. సర్దారు గవరయ్య, మందు సీసా పట్టుకున్న ఇంకో మనిషీ మిట్టమధ్యాహ్నం సూరమ్మత్త ఇంటికి వచ్చారు. గవరయ్య మావాడే, తెలుగువాడే. మా మీద పని చేయించేవాడు. ఆ రోజు నాకూ జ్వరం. అదే అరుగు మూల గోనె కప్పుకుని వణుకుతున్నాను, అందుకే అంతా నా చెవులతో విన్నాను.

“పిల్లల్ని వరస పెట్టు, సూరమ్మా. నోళ్లు తెరిపించు.”

“తల్లుల్ని పిలు, బాబూ. ఒక్క కేకేస్తే వచ్చేస్తారు. ఎవరు పొద్దున్న ఏటి పోసేరో ఏటో.”

“పని ఆపి పిలవాలా? మిస్యే పంపిన మందుకి నీ సెలవు కావాలా?” మిస్యే అంటే మాకు దొర.

“నా సెలవు ఎవడికి కావాల? పిల్లలు నావోళ్లు కారు గదా, సెలవియ్యడానికి.”

అని, నా వైపు తిరిగింది. “అల్లుడా, నువ్వున్నావు గదా. నీ పిల్లకి పొయ్యమంటావా?”

లేచి కూర్చుని ఒక గుటక తాగాను. చేదు చెవుల దాకా పాకింది. పైడితల్లికి ఇవాళ ఇంకేమీ పోయలేదనీ, పొయ్యమనీ చెప్పాను. సూరమ్మత్తే పిల్లను పట్టుకుని, ముక్కు నొక్కి, చుక్క కింద పడకుండా పోసింది. “ఇదిగో, ఇలాగే. ఇక మిగతావోళ్ల అమ్మల్ని పిలు.”

గవరయ్య పిలవలేదు. సీసా లాక్కుని వెళ్లిపోయాడు.

సాయంత్రం తల్లులు వచ్చి ఆమెనే తిట్టారు. “వచ్చిన మందు పోగొట్టేవు” అని ఒకామె శాపనార్థాలు కూడా పెట్టింది. సూరమ్మత్త తలొంచుకుని విని, “రేపు గంటకి ముందే ఆఫీసుకెల్లి తెండి, నానే పోస్తాను” అంది. వెళ్లారు, తెచ్చారు, ఒక్కొక్కరే గుటక మింగి ఇచ్చారు. పిల్లలందరికీ మందు పడింది. కాని ఈలోగా ముసలిది మందు అడ్డుకుందని దొర చెవిన పడింది. ఇల్లు ఖాళీ చేయమన్నారు. అడ్డుకోలేదనడానికి నా కూతురే సాక్ష్యమని చెప్పడానికి ఆఫీసుకి వెళ్లాను. వరండాలో ఎండ వాలేదాకా నిలబెట్టి పంపేశారు. తిట్టిన తల్లులు ఏడ్చారు గాని, నా వెంట ఒక్కరూ రాలేదు. వాళ్లకీ ఇళ్లు ఎస్టేటువే.

ఆమె ట్రియోలేలో చెల్లెలి పంచన చేరింది. చూడబోతే అక్కడా అరుగు నిండా పిల్లలే.

“నీకు కోపం రాదా అత్తా?” అన్నాను.

“రాకేటి? ఆ సర్దారు మొహాన ఉమ్మాలనే ఉంది. పిల్లలు నేర్చుకుంటారని మానుకున్నాను. పైడితల్లికి పళ్లొచ్చాయా?”

ఆమె పోయాక గాని, ఆమె నాలో ఎంత మిగిలిందో నాకు తెలియలేదు. తరవాత చాలా ఏళ్లు ఊళ్లో సాయంత్రాలు పిల్లలకు తెలుగు చెప్పాను. ఒక పిల్లాడికి ఒళ్లు కాలిపోతుంటే, జేబులో మాత్ర పెట్టుకుని కూడా, వానలో వాళ్లమ్మ దగ్గరికి వాణ్ణి ఎత్తుకుని నడిచాను. పెళ్లి మాటల్లో, పిల్లని అడిగారా అంటాను. వైద్యుడు నా భార్య ఆపరేషన్ గురించి నాతో మాట్లాడుతుంటే, ఆమెతో చెప్పండి, కడుపు ఆమెది అన్నాను. ఇంట్లో నన్ను ఆట పట్టిస్తారు: “తాత అడగందే తుమ్మడు.” పట్టించనీ.

గవరయ్యను మాత్రం నేను వదల్లేదు. పెళ్లిలోనో చావులోనో ఎదురైనప్పుడల్లా ఒకటే ప్రశ్న: ఆ తల్లుల్ని ఎందుకు పిలవలేదు? పక్కకి తిరిగి చుట్ట వెలిగించుకునేవాడు. చివరికి పక్క ఊరు ఫీనిక్స్‌లో కొడుకింట్లో మంచం పట్టాడని తెలిసి వెళ్లాను. పరామర్శకని అబద్ధం చెప్పను, అడగడానికే వెళ్లాను. కోడలు టీ ఇచ్చి వెళ్లింది. అడిగాను.  మంచం మీద నా వైపు ఒత్తిగిలాడు.

“మా అయ్యని ఓడెక్కించినోళ్లు అడగలేదు, అప్పన్నా. నా చేతికి సర్దారు కర్ర ఇచ్చినోళ్లూ అడగలేదు. మనల్ని కూడా అడగాల అని ఆ ముసల్ది చెప్పేదాకా నానెరగను. ఇన్నాక, ఆ ముసల్ది కళ్ల ముందుంటే నా పని నాను చెయ్యలేకపోదును. అందుకే దొర చెవినేసేను.”